తరుగు దగ్గర ఆగింది

మా ఆఫీసు ఆర్మూర్‌లో ఒక ఎరువుల దుకాణం మీద, రెండో అంతస్తులో ఉంది. మెట్లెక్కుతున్నంతసేపూ యూరియా వాసన వస్తుంది, తలుపు తీయగానే మా సారు పూసుకునే సెంటు వాసన వస్తుంది. రెండింట్లో నాకు యూరియానే నయమనిపిస్తుంది. పసుపు కొనే వ్యాపారులకు మేం ఎలక్ట్రానిక్ కాంటాలు తయారుచేసి అమ్ముతాం. బస్తా పెట్టగానే బరువు చూపించి, రైతు పేరుతో చీటీ కొట్టి ఇచ్చే పెట్టె అది. ఆ పెట్టెలో నడిచే ప్రోగ్రాం రాయడం మా పని. నేను చాలా ఏళ్లు హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీలో ఇలాంటి పనే చేసి, అక్కడి మీటింగులు భరించలేక సొంతూరికి వచ్చేశాను. ఇక్కడ మీటింగులు ఉండవనుకున్నాను.

మా సారు తండ్రి పేరున్న అడ్తిదారు, అంటే పసుపు మార్కెట్లో కమీషన్ వ్యాపారి. కొమ్ము విరిచి చూడకుండా ఆయన ఒక్క బస్తా కూడా కొనలేదని మార్కెట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కొడుక్కి ఆ విరిచి చూసే గుణం తప్ప మిగతావన్నీ వచ్చాయి: గల్లా పక్కన కాలు మీద కాలేసుకుని కూర్చోవడం, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఫోన్ చూసుకోవడం, నలుగురిలో ఒకరి పేరెత్తి పరువు తీయడం. ఇంజనీరింగ్ కూడా చదివాడు కాబట్టి ఇవన్నీ ఇంగ్లీషులో కూడా చేయగలడు. ప్రతి మీటింగులోనూ ఆయన నోట ఒకటే మాట, "కాంటా అబద్ధం చెప్పది." కాంటా ఎన్ని అబద్ధాలు చెప్పగలదో ఈ జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. కాంటాలు అమ్ముకునే మనిషికి తెలియదట.

ఈ నమ్మకాన్ని ఆయన డీబగ్గర్ దాకా లాక్కుపోయాడు. డీబగ్గర్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. పెట్టె నడుస్తూ నడుస్తూ ఆగిపోతే, ఆగిన క్షణాన లోపల ఏముందో ఒక ఫైలులో మిగులుతుంది. అందులో ఉండేవి ఉత్త అంకెలు. ఏ అంకె ఎవరు రాసిన ఏ వరుసకు చెందుతుందో చెప్పే పట్టిక ఒకటి ప్రోగ్రాంతో పాటే తయారవుతుంది. దాన్ని డీబగ్ సమాచారం అంటాం. ఆ పట్టిక చదివి "ఇదిగో, ఇక్కడ ఆగింది" అని వేలు పెట్టి చూపించేదే డీబగ్గర్. లోకమంతా వాడే మంచి డీబగ్గర్ ఉచితంగా దొరుకుతుంది. మా సారు దాన్ని తెచ్చి, పట్టిక చదివే భాగం పీకేసి, తనకు తోచినట్టు రాసి పెట్టాడు. తెరిచిన ప్రతిసారీ మొదట ఆయన పేరు కనిపిస్తుంది, తర్వాత కంపెనీ పేరు, ఆ తర్వాతే పని. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.

పసుపు సీజన్‌కు కొద్దిగా ముందు ఒక అమ్మాయి కొత్తగా చేరింది. వేల్పూర్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్లది పసుపు, మక్క పండించే ఇల్లు. కొన్నాళ్లు పని చూసి, నచ్చితే పర్మనెంట్ చేస్తామని సారు చెప్పాడు. ఆ అమ్మాయికి తాను రాసింది తానే మళ్లీ చదువుకునే అలవాటుంది. మా ఆఫీసులో అది అంటువ్యాధి లాంటిది కాదు, ఎవరికీ సోకలేదు. ఆమెకు అప్పజెప్పిన పని, మొత్తం బరువులోంచి ఖాళీ బస్తా బరువు తీసేసే భాగం. దానికి పేరేం పెట్టమంటారని అడిగితే, సారు ఫోన్‌లోంచి తలెత్తకుండానే "తరుగు అని పెట్టు" అన్నాడు.

ఆ మాట రైతు ముందు ఎత్తి చూడండి, తెలుస్తుంది. తేమ ఉందని, మట్టి ఉందని, బస్తాకింత అని కోసేసే ప్రతిదానికీ మా వైపు అదే పేరు. తరుగు మీద గొడవలు పడని సీజన్ నాకు గుర్తులేదు. అడ్తిదారు కొడుక్కి ఆ మాట తిట్టులా వినిపించకపోవడంలో వింతేం లేదు, ఆయన పెరిగింది కోసే చేతి వైపు. అయినా అది ప్రోగ్రాం లోపలి పేరు, బయటివాళ్లకు కనిపించేది కాదు కదా అని నేనూ ఊరుకున్నాను.

సీజన్ మధ్యలో వేల్పూర్‌లో ఒక వ్యాపారి కొనుగోలు పెట్టిన చోట మా కాంటా ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే నడుస్తుంది, కొందరి బస్తాలు తూగాక మళ్లీ బిగుసుకుపోతుంది. ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. పైన మబ్బు పట్టి ఉంది. ఎండిన పసుపు మీద నాలుగు చినుకులు పడితే ఏమవుతుందో తెలిసినవాళ్లందరూ అక్కడే నిలబడి మమ్మల్ని తిడుతున్నారు. సారు నన్ను వెంటబెట్టుకుని కారులో వెళ్లాడు. పెట్టెలో మిగిలిన ఫైలును ల్యాప్‌టాప్‌లోకి తీసుకుని, కారు బానెట్ మీద పెట్టి, తన డీబగ్గర్ తెరిచి, అంతమంది ముందే గట్టిగా చదివాడు.

"తరుగు కాడ ఆగింది."

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారిగా దగ్గరికి జరిగారు. తలకు తువ్వాల చుట్టుకున్న ఒక పెద్దాయన ముందుకొచ్చి, "తరుగా? ఏం తరుగు?" అన్నాడు.

"ప్రోగ్రాంల తరుగు తీసే కాడ తప్పు వడ్డది పెద్దాయనా. మా కొత్త పిల్ల రాసింది. మీ ఊరి పిల్లనే."

నేను సారు మోచేతిని తట్టాను. ఆయన చేయి దులుపుకున్నాడు. తన మీదికి వస్తున్న కోపాన్ని ఇంకొకరి ఇంటికి దారి చూపించి పంపిన తృప్తి ఆయన ముఖంలో కనిపిస్తూనే ఉంది. ఆ సాయంత్రానికల్లా వేల్పూర్‌లో మాట తయారైంది: మన పిల్లే ఆర్మూర్‌లో కూర్చుని, మిషన్‌లోంచి మనకే తరుగు పెడుతోంది.

మర్నాడు ఆ అమ్మాయి ఆలస్యంగా వచ్చింది. ఆఫీసులో మిగతావాళ్లు ఒక్కసారిగా చాలా పనిమంతులైపోయి, స్క్రీన్లలోంచి తల తిప్పలేదు. పిరికితనానికి కీబోర్డు మంచి చాటు. ఆమె నా పక్క కుర్చీలో కూర్చుంది.

"అక్కా, మా నాయిన హోటల్ కాడికి చాయ్ తాగనీకి గూడ పోతలేడు," అంది. "పోతె అడుగుతున్రంట, మీ బిడ్డ బస్తాకెంత కోస్తుందిరా అని. నాతోని ఒక్క మాట అంటలేడు. తిట్టినా మంచిగుండు. నేను రాసింది మస్తు సార్లు చూసినక్కా. అండ్ల ఆగేదే లేదు."

"నేను చూస్తతియ్యి," అన్నాను. నాకు ఆ అమ్మాయి మీద జాలి కంటే, కారు బానెట్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని తీర్పు చదివిన ఆ మనిషి మీద మంట ఎక్కువగా ఉంది. మంట ఉంటేనే నాకు పని బాగా సాగుతుంది.

సారును కదిపితే, శనివారం ఆమెను పిలిచి మాట్లాడి పంపించేస్తానన్నాడు. "ప్రూఫ్ ఉన్నది గద మేడం. ఊరు ఊరంత చూసె. మనం ఏదన్న చేసినట్టు కనవడాలె గద." పంపించేస్తే ఆ నింద వేల్పూర్‌లో ఖాయమైపోతుందని ఆయనకు తెలియక కాదు. అది ఆయనకు ఖర్చు లేని పని, అంతే.

ఆమె రాసింది నేను చదివాను. ఒక బరువులోంచి ఇంకో బరువు తీసేస్తుంది, సున్నా కంటే తగ్గితే ఆపి మళ్లీ తూచమంటుంది. పెట్టె బిగుసుకుపోవడానికి అందులో చోటే లేదు. అప్పుడు డీబగ్గర్‌ను పక్కనపెట్టి, ఆగిన ఫైలులోని అంకెలను చేత్తో విప్పుకుంటూ పోయాను. ప్రోగ్రాం ఆగిన చోటు, ఆమె రాసిన ఫంక్షన్, అంటే ఆ భాగం, ముగిసిన చోటుకు చాలా దూరంలో ఉంది. ఎక్కడో ఇందల్వాయిలో దొంగతనం జరిగితే వేల్పూర్ చివరింటివాళ్లను పట్టుకొచ్చి నిలబెట్టినట్టుంది వ్యవహారం. ఎందుకలా జరిగిందో తెలియాలంటే సారు రాసిన భాగం చదవాలి. చదివాను. అంత చెత్త చదివి చాలా కాలమైంది.

సంగతి ఇది. ఊళ్లకు పంపే ఫైలు మరీ పెద్దదవుతోందని, సిగ్నల్ సరిగా లేని చోట ఎక్కడం లేదని, ఆ సీజన్‌లోనే సారు డీబగ్ సమాచారాన్ని కుదించి పెట్టమని హుకుం జారీ చేశాడు. అసలు ఆ పట్టికను ఊళ్లకు పంపాల్సిన పనే లేదు, మా దగ్గర ఉంటే చాలు. చెప్పాం. వినలేదు. కుదించిన పట్టికకు ముందు చిన్న తలకట్టు ఉంటుంది. ఏ పద్ధతిలో కుదించారు, విప్పితే ఎంత అవుతుంది అన్నవి అందులో రాసి ఉంటాయి. విప్పేవాళ్లు అది చదివి, అంత జాగా సిద్ధం చేసుకుని, అందులోకి విప్పుకోవాలి. మా సారు ఆ తలకట్టు మీదుగా దూకి వెళ్లిపోయాడు. కుదించిన పట్టిక ఫైలులో ఎంత తూగిందో అంత జాగానే తీసుకున్నాడు. కాంటా మీద పడ్డదే లెక్క కదా! పచ్చి పసుపు ఉడికి, ఎండి, డ్రమ్ములో తిరిగి బయటికొచ్చేసరికి ఎంతకు దిగుతుందో ఆర్మూర్‌లో దారినపోయేవాళ్లను అడిగినా చెబుతారు. ఈ అడ్తిదారు కొడుకు ఎండు పసుపు తూకం చూసి పచ్చి పసుపుకు సంచులు కుట్టించాడు.

సంచి నిండాక మిగిలిన పట్టిక గాలికి పోయింది. విప్పిపెట్టే రెడీమేడ్ ప్రోగ్రాం, దాన్ని లైబ్రరీ అంటాం, పాపం "జాగా సరిపోలేదు" అని చెప్పింది కూడా. సారు దాని జవాబు వైపు చూడనేలేదు. నలుగురు మాట్లాడుతుంటే ఫోన్ చూసుకునే మనిషి ఒక లైబ్రరీ మాట వింటాడా? అలా సగంలో తెగిన పట్టికలో ఆఖరున మిగిలిన పేరు తరుగు. దాని తర్వాత ఉన్న ఫంక్షన్లన్నీ కోతలో పోయాయి. ఇక అవతల ఎక్కడ ఏది ఆగినా డీబగ్గర్ తనకు తెలిసిన చివరి పేరు చెప్పేయడమే. ఆ ఫంక్షన్ ఎక్కడ ముగుస్తుందో చూసుకుని, "ఇది దీనిది కాదు" అనుకునే ఇంగితం దానికి లేదు. రాసినవాడికి ఉంటే దానికి వచ్చేది. తరుగు తీసింది ఆ పిల్ల కాదు, సారు డీబగ్గర్ తీసింది.

"సార్, మీ డీబగ్గర్ల తప్పున్నది," అన్నాను.

ఆయన మొదటిసారి ఫోన్ బల్ల మీద పెట్టాడు. "మేడం, గది నా చేతుల పెరిగింది. ఇన్నేండ్లల్ల ఒక్కసారి తప్పు జెప్పలే."

"ఇన్నేండ్లు పట్టిక కుదించలే గద సార్. ఇప్పుడు కుదిస్తిమి."

"గంత డౌటుంటె కుదించుడు బంద్ జెయ్యిండ్రి. అయిపాయె."

ఎంత తేలిగ్గా అయిపోయింది! కుదించడం మానేస్తే ఇకముందు ఆగేవాటికి సరైన పేరు వస్తుంది. వేల్పూర్‌లో ఆగిన ఫైలు మాత్రం కుదించిన పట్టికతో పుట్టింది. దాన్ని ఇదే డీబగ్గర్ సరిగా చదివితే తప్ప ఆ అమ్మాయి మీద పడ్డ మాట పోదు. బయటి డీబగ్గర్‌తో చదివి చూపిస్తే నమ్మడని, కుదించకుండా కొత్తగా ప్రోగ్రాం తయారుచేసి చూపిస్తే "గది వేరే ప్రోగ్రాం మేడం" అంటాడని నాకు ఖాయంగా తెలుసు. అదే చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "శనివారం దాంక మీ ఇష్టం. మీటింగు మాత్రం ఆగది" అన్నాడు.

మార్పు నిజానికి పెద్దదేం కాదు. తలకట్టు చదవాలి, విప్పాక ఎంతవుతుందో అందులోంచి తీసుకోవాలి, అది నమ్మదగ్గ అంకేనా అని చూసుకోవాలి, విప్పాక సరిగ్గా అంతే వచ్చిందా అని సరిచూడాలి, రాకపోతే నోరు విప్పి చెప్పాలి. ఆ అమ్మాయి పక్కనే కూర్చుంది. నేను రాసినదాన్ని ఆమె చదివేది, ఆమె రాసినదాన్ని నేను చదివేదాన్ని. ఒకచోట ఇద్దరం చాలాసేపు తల బాదుకున్నాం. తలకట్టులోని అంకెలను మా పెట్టెలోని చిప్ ఒక వరసలో రాస్తుంది, మా కంప్యూటర్ దానికి ఎదురు వరసలో చదువుతుంది. తిరగేయకుండా చదివితే ఆ చిన్న పట్టిక కొండంత ఉందని చూపించి, డీబగ్గర్ జాగా కోసం కంప్యూటర్ మొత్తాన్ని మింగబోయింది. "అక్కా, ఎన్క నుంచి సదువుతుందేమో" అని ఆమే అంది. నిజమే, వెనక నుంచే చదువుతోంది.

చివరగా, ఆగిన చోటు ఏ ఫంక్షన్‌లోనూ పడకపోతే "తెలియదు" అని రాసేలా మార్చాను. అటుగా వచ్చిన సారు అది చూసి గింజుకున్నాడు.

"తెల్వదంటె కస్టమర్ ఏమనుకుంటడు మేడం? ఏదో ఒక పేరు జూపియ్యాలె గద."

ఆయన గురించి నేను ఒక పుస్తకం రాసినా ఇంతకంటే బాగా చెప్పలేను.

శుక్రవారం మధ్యాహ్నం వేల్పూర్ ఫైలును బాగుచేసిన డీబగ్గర్‌లో తెరిచాం. పట్టిక పూర్తిగా విప్పుకుంది. తరుగు ఎక్కడుందో అక్కడే బుద్ధిగా ఉంది. ప్రోగ్రాం ఆగింది మాత్రం చాలా అవతల, చీటీ మీద రైతు పేరు అచ్చువేసే భాగంలో. ఆ భాగం రాసింది మా సారు. పేరులో ఎన్ని అక్షరాలు ఉండొచ్చో కంటితో లెక్కపెట్టి, అంత జాగా ఉంచాడు. తెలుగు అక్షరం కంటికి ఒక్కటిగా కనిపించినా లోపల ఇంగ్లీషు అక్షరానికి ఎన్నో రెట్లు జాగా తింటుందని ఆయనకు పట్టలేదు. ఇంటిపేరు, సొంత పేరు, తండ్రి పేరు కలిసి పొడుగైన రైతు వచ్చినప్పుడల్లా ఆ జాగా పొంగిపొర్లి పెట్టె బిగుసుకుపోయింది. పైకి కనిపించేదాన్ని కొలిచి లోపలున్నదాన్ని మరిచిపోవడం, మనిషి ఒకడే, తప్పు ఒకటే, రెండు చోట్ల చేశాడు. కొత్త తప్పు చేసి ఉంటే కనీసం దానికైనా గౌరవించేదాన్ని.

ఆ అమ్మాయి స్క్రీన్ వైపు చూసి ఒక్కసారి ఊపిరి వదిలింది. నాకు సంతోషమేసింది. దాచడం ఎందుకు, అందులో సగం సారు ముఖం ఊహించుకున్నందుకు.

శనివారం మీటింగులో అదంతా చూపించాను. ఆయన వరస నంబరు చూశాడు, తన పేరు చూశాడు, మళ్లీ వరస నంబరు చూశాడు.

"మేడం, డీబగ్గర్ మాటనే పట్టుకుంటె ఎట్ల?" అన్నాడు. "గది గూడ సాఫ్ట్‌వేరే గద. సిస్టంల ఏడనో చిన్న గ్యాప్ ఉన్నది. ఎవ్వల తప్పు అని అనుకునుడు మంచిది గాదు. మనం ఒక టీం."

అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ. మొన్నటి దాకా ఇదే డీబగ్గర్ చెప్పింది వేదం. తెగిపోయిన పట్టిక చదివినప్పుడు నిజం చెప్పిందట, పూర్తి పట్టిక చదివితే గ్యాప్ వచ్చిందట. టీం అనే మాట ఆయన నోట నేను అంతకుముందు వినలేదు.

"మరి ఈ పిల్ల నౌకరి?" అన్నాను.

"ఉండనియ్యిండ్రి. నాకేం కోపమున్నదా?"

"మరి వేల్పూర్ల మీరు చెప్పింది?"

"నాలుగు దినాలైతె వాళ్లే మర్శిపోతరు మేడం."

అంతవరకూ తల వంచుకుని కూర్చున్న అమ్మాయి తలెత్తింది. "వాళ్లు మర్వరు సార్. మీరు నా పేరు ఆడ చెప్పిండ్రు. గిది గూడ ఆడనే చెప్పాలె. చెప్పకుంటె నాకు గీ నౌకరి ఉండి గూడ ఏం ఫాయిదా లేదు."

"చూద్దాం," అన్నాడు సారు. ఆయన చూద్దాం అన్నది ఇంతవరకు ఏదీ చూడలేదు. అందుకే నేను అడ్డం పడ్డాను. సోమవారం వేల్పూర్ పోయి, పేర్ల జాగా సరిచేసిన కొత్త ప్రోగ్రాం ఎక్కించాలి, ఎక్కించేది నేను, ఈ అమ్మాయి కారులో ఎక్కితేనే నేను ఎక్కుతాను అన్నాను. వ్యాపారి పొద్దుటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. సారు ఒప్పుకోక ఏం చేస్తాడు?

వేల్పూర్‌లో మళ్లీ ట్రాక్టర్లే, మళ్లీ జనమే. ఆ అమ్మాయి తండ్రి తన బస్తాల దగ్గర నిలబడి, మా కారు వైపు చూడకుండా టార్పాలిన్ తాడు ముడి విప్పుతున్నాడు. ఆ ముడి ఎంతకీ రావడం లేదో, ఆయనకే విప్పాలని లేదో. నేను ప్రోగ్రాం ఎక్కించాను. బస్తాలు తూగాయి, పొడుగు పేర్లవాళ్ల చీటీలు కూడా అడ్డం లేకుండా బయటికొచ్చాయి. సారు కారు తాళం వేలికి తిప్పుకుంటూ బయల్దేరబోయాడు. అప్పుడు ఆనాటి తువ్వాల పెద్దాయన దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏంది సారూ, మా పిల్ల తప్పు సాఫైందా?"

సారు గొంతు సవరించుకున్నాడు. పక్కన ఆ అమ్మాయి ఉంది, నేనున్నాను, వ్యాపారి ఉన్నాడు. "పిల్లది ఏం లేదు పెద్దాయనా. సిస్టంల లోపం."

"మరి ఆనాడు తరుగు కాడ అంటివి. మీ ఊరి పిల్లనే అంటివి."

"గప్పుడు డీబగ్గర్ గట్ల జూపిచ్చింది. గది తప్పు జూపిచ్చింది."

"డీబగ్గరంటె ఎవలు? మీ తాన పనిజేసేటాయననా?"

"మనిషి గాదు పెద్దాయనా. ప్రోగ్రాం. ఏడ తప్పున్నదో జెప్పేది."

"గట్లనా," అన్నాడు పెద్దాయన, చాలా శ్రద్ధగా. "మరి గా తప్పు జెప్పే దాన్ని ఎవలు రాసిండ్రు?"

సారు నా వైపు చూశాడు. ఆదుకునే ఉద్దేశం నాకు బొత్తిగా లేదు. జనంలో ఎవరో దగ్గారు. టార్పాలిన్ దగ్గర నిలబడ్డ మనిషి చేతులు ముడి మీదే ఆగిపోయి ఉన్నాయి.

"సారే రాసిండు తాతా," అంది ఆ అమ్మాయి.

"మరి కాంటా ఆగిపోయిన కాడ ఉన్నది ఎవలు రాసిండ్రు?"

"గది గూడ సారే."

అందరికంటే ముందు నవ్వింది ఆ అమ్మాయి వాళ్ల నాన్న.